సముద్రానికి వీపు పెట్టిన ఇల్లు

మా పూడిరేవులో ఇళ్ళన్నీ సముద్రానికి వీపు పెట్టి ఉంటాయి. గుమ్మం ఊరి వైపు, గోడ సముద్రం వైపు. ఆ గోడకి కిటికీ మాట అటుంచి, మేకు కన్నం కూడా ఉంచం. మా తాతలు పెట్టిన పద్ధతి. ఎందుకని ఎవరూ అడగలేదు. పొద్దున్నుంచీ దాని మొహమే చూసి వచ్చినవాడు ఇంటికొచ్చి కూడా దాని మొహం చూడడు. గుమాస్తా ఇంటికెళ్ళి పడక మీద ఆఫీసరు ఫొటో తగిలించుకుంటాడా?

ఈ పద్ధతి తప్పని మాకు తెలిసింది తీర సౌందర్య సంస్థ వచ్చాక.

ఊరి చివర పెద్ద రోడ్డు పక్కన మేడ కట్టి ఆ సంస్థ ఆఫీసు పెట్టారు. దాని చైర్మన్ గారు ఏదో దేశం వెళ్ళొచ్చారట. అక్కడ సముద్రం ఒడ్డున ఇల్లుంటే గొప్పట. కోటీశ్వరులు జన్మంతా సంపాదించి, చివరికి అలాంటి ఇల్లొకటి కొనుక్కుని, కుర్చీ వేసుకుని, సముద్రం చూస్తూ చచ్చిపోతారట. మా ఊళ్ళో చూస్తే కోటీశ్వరులు ఉండవలసిన చోట మేం ఉన్నాం. చైర్మన్ గారి మనసు కలుక్కుమంది. అయినా మమ్మల్ని వెళ్ళగొట్టమనలేదు, దయగల మనిషి. ముందు మమ్మల్ని ఆ ఇళ్ళకి తగినవాళ్ళుగా తయారు చేసి చూడమన్నారు. తయారు కాకపోతే అప్పుడు వెళ్ళగొట్టమన్నారు.

తయారు చేసే పని పరాంకుశం గారికి పడింది. సన్నటి మనిషి. మెడలో బిళ్ళ, చేతిలో టేపు, ఇసకలో కూడా బూట్లు. మా మొదటి వరసలో మొదటి ఇల్లు నాదే కాబట్టి నా దగ్గరికే ముందొచ్చారు.

"గృహ యజమాని ఎవరు?"

"నానే."

"పేరు?"

"సూరాడ దానయ్య."

"దానయ్య గారూ, మీ గృహం సముద్రాభిముఖ నివాసంగా గుర్తింపబడింది. సంస్థ తరఫున అభినందనలు."

మా ఆవిడ కాసులమ్మ గుమ్మంలో కూచుని చేపలు తోముతోంది. తలెత్తకుండానే అడిగింది. "ఏటంటన్నాడు మావా?"

"ఏదో ఇచ్చినారట."

"తీసుకోకు."

పరాంకుశం గారు అప్పటికే ఇల్లు చుట్టి రావడం మొదలుపెట్టారు. ఒకసారి తిరిగారు. రెండోసారి తిరిగారు. సముద్రం వైపు గోడ ముందు ఆగి, దాన్ని వేళ్ళతో కొట్టి చూశారు.

"అభిముఖం ఎక్కడ?"

"ఏటండి?"

"సముద్రం వైపు ముందు భాగం. ఇది వెనక భాగం కదా! సముద్రం వంటి జాతీయ సంపదకు మీరు పృష్ఠభాగం చూపిస్తున్నారు."

కాసులమ్మ చేప పళ్ళెంలో పడేసి లేచింది. "మా ఆయన సముద్రం మీదకెల్తే మొకమే సూపిత్తాడు బాబూ. ఇంటికొత్తే నాకు సూపిత్తాడు. అదీ అప్పుడప్పుడు."

ఆయన ఆమె మాట వినలేదు. అలాంటి వాళ్ళకి వినబడేది వేరే భాష. గోడ మీద సున్నంతో పెద్ద చదరం గీసి చెప్పారు. ఆ మేరకు పగలగొట్టి అద్దాల కిటికీ, సముద్రం వైపు తెరుచుకునే తలుపు పెట్టాలి. తర్వాత మూడు నెలలు ఇంటిని సముద్రాభిముఖ ప్రమాణాల ప్రకారం పోషించాలి. చివర్లో తనిఖీ. నెగ్గితే ఇల్లు నాది. నెగ్గకపోతే నేను అనర్హ యజమానిని. అనర్హులకి పొలాల అవతల, ఇక్కడికి బస్సులో గంట దూరంలో, సంస్థ కట్టిన అలల నిలయంలో ఫ్లాటు ఇస్తారు. నాకు మూడో అంతస్తు రాసి పెట్టారు.

"మూడో అంతస్తంటే మెట్లేనా బాబూ?" అంది కాసులమ్మ.

"లిఫ్టు ప్రతిపాదన దశలో ఉంది."

"అక్కడ అలలుంటాయా?"

"పేరులో ఉన్నాయి."

ఆయన వెళ్ళిపోయాక ఇద్దరం గోడకేసి చూస్తూ నిలబడ్డాం. వెనకటి తుఫానుకి మా పాక ఎగిరిపోతే, పాడుబడ్డ ఉప్పు గిడ్డంగి రాళ్ళు తెచ్చి ఈ ఇల్లు కట్టాం. కట్టింది నేను. ప్రతి రాయీ వచ్చింది కాసులమ్మ నెత్తి మీద. ఇప్పటికీ ఆమె మెడ ఎడమ వైపు పూర్తిగా తిరగదు. ఇల్లు పోయి ఫ్లాటుకి పోతే పడవ ఎక్కడ, నేనెక్కడ? బస్సెక్కి వేటకెళ్ళినవాడిని ఇంతవరకూ చూడలేదు.

"పగలగొట్టు మావా," అంది చివరికి. "గోడ పోతే పోయింది. ఇల్లుంటాది."

గోడ పగిలిన రోజు మా తాత కాలం నుంచీ బయట నిలబడ్డ గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. కేలండరు ఎగిరి గుమ్మం దాటి వెళ్ళిపోయింది. పొయ్యి ఆరింది. బియ్యం డబ్బాలో ఇసక, ఇసకలో బియ్యం. పరాంకుశం గారి పనివాళ్ళు అద్దాలు బిగించారు. తలుపు మాత్రం సంస్థ నిబంధన ప్రకారం పగలంతా తెరిచే ఉంచాలి. తలుపు మూస్తే అభిముఖం మూసినట్టేనట.

పది రోజుల్లో తలుపు బందులు ఎర్రగా కన్నీళ్ళు కార్చడం మొదలుపెట్టాయి. టీవీలో ముందు మాట పోయింది, తర్వాత బొమ్మ పోయింది. ఫ్యాను తిరగడం మానేసి మూలగడం నేర్చుకుంది. ట్రంకుపెట్టె మూత పట్టుకుంటే మూత చేతికొచ్చింది, పెట్టె అక్కడే ఉంది. కాసులమ్మ కూరలో ఉప్పు వేయడం మానేసింది. కూర మూత తీసి కాసేపు అలా వదిలేస్తే చాలు.

ఇదంతా చెబితే పరాంకుశం గారు సంతోషించారు.

"ఇది సహజం. దీన్నే నిర్వహణ అంటారు. విదేశాల్లో సముద్రాభిముఖ యజమానులు దీని గురించే మాట్లాడుకుంటారు. మీరు సరైన మార్గంలో ఉన్నారు."

సరైన మార్గంలో ఇంకా కొన్ని ఉన్నాయి. ఇనప బందులు తీసేసి ఇత్తడివి వేయాలి. తలుపుకి నెలకోసారి రంగు. అద్దాన్ని పొద్దునా సాయంత్రం మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే ఉప్పు పేరుకుని దృశ్యం మసకబారుతుంది. మా ఊళ్ళో మంచినీళ్ళు ట్యాంకరు వస్తేనే. ఇంటికి నాలుగు బిందెలు. రెండు బిందెలు అద్దానికి పోయాయి.

"ఈ మారాజు ముందు తాగాల," అనేది కాసులమ్మ, గుడ్డతో అద్దం తోముతూ. "ఈడికి దాహం తీరితే మిగిలింది మనకి. కన్న కొడుక్కి కూడా నానింత సేవ సెయ్యలేదు."

ఒకరోజు నేను నేల మీద కూచుని వల బాగు చేసుకుంటున్నాను. వెలుగు చేతుల మీద పడాలని అద్దానికి వీపు పెట్టాను. సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు గుమ్మంలో నిలబడిపోయారు. ఇంట్లో శవాన్ని చూసినట్టు ఆయన మొహం పాలిపోయింది.

"దానయ్య గారూ! దృశ్యం వృథా అవుతోంది."

నేను వెనక్కి చూశాను. అది అక్కడే ఉంది.

"ఇంత పెట్టుబడి పెట్టి దృశ్యం కల్పిస్తే, దాన్ని వినియోగించేవారు లేకపోతే, సంస్థ పైవారికి ఏం జవాబు చెప్పాలి? యజమాని రోజుకు రెండు గంటలు విధిగా సముద్రాన్ని వీక్షించాలి."

"ఏటి సూడాలండి?"

"అలలు. ఆకాశం. ముఖ్యంగా సూర్యాస్తమయం."

కాసులమ్మ పొయ్యి దగ్గర్నుంచి అంది. "సూర్యుడు ఇటేపు కుంకడు బాబూ. ఇటేపు పొడుత్తాడు. కుంకేది ఊరి ఎనకాల."

పరాంకుశం గారు సముద్రం కేసి చూశారు. ఊరి వైపు చూశారు. చేతిలో కాగితం చూశారు. అది చైర్మన్ గారు వెళ్ళొచ్చిన దేశం నుంచి తెచ్చిన నమూనా. అక్కడ సూర్యుడు సముద్రంలోనే కుంకుతాడట.

"పరవాలేదు," అన్నారు. "స్థానిక పరిస్థితుల దృష్ట్యా మీరు ఉదయాన్ని అస్తమయంగా పరిగణించండి."

అలా తెల్లారగట్ల నా అస్తమయం మొదలైంది. సంస్థ వాళ్ళు పేము కుర్చీ ఒకటి పంపారు, సగం ఖర్చు నాది. వేటకి పోయే వేళకి నేను అందులో కూచునేవాణ్ణి. నా కళ్ళెదుటే పడవలన్నీ పోయేవి. మా బావమరిది ఎర్రయ్య పడవ మీంచి చెయ్యూపేవాడు. వలకి కవళ్ళ చేపలు పడే రోజులు. మధ్యాహ్నానికి వాళ్ళు బుట్టలు నింపుకుని వచ్చేవాళ్ళు. నేను దృశ్యంతో కడుపు నింపుకునేవాణ్ణి.

వీక్షణం ఎలా జరుగుతోందో చూడ్డానికి పరాంకుశం గారు నా పక్కన నిలబడి నా మొహంలోకి చూసేవారు.

"ఆహ్లాదం కనబడటం లేదు."

"ఉందండి లోపల."

"లోపల ఉంటే తనిఖీకి అందదు. ముఖం కాస్త వదులు చేయండి. ఆ కనుబొమలు... ఆ, అలా. ఇప్పుడు కొద్దిగా నిట్టూర్చండి."

నిట్టూర్చాను. అదొక్కటీ బాగా వచ్చింది. మెచ్చుకున్నారు.

నేను చూస్తుంటే ఆయనా చూశారు. దృశ్యంలో తప్పులు కనబడ్డాయి. మొదటి తప్పు కాసులమ్మ ఇసక మీద ఆరేసిన ఉప్పు చేపలు. వాటిని డాబా మీదికి ఎక్కించమన్నారు. ఎక్కించాం. కాకులకి శ్రమ తగ్గింది. రెండో తప్పు నా పడవ.

"అది దృశ్యానికి అడ్డు. సముద్రంలో దూరంగా ఒక పడవ ఉంటే అలంకారం. ఇంటి ముందు ఇసకలో బోర్లా పడుంటే ఆక్రమణ."

"మరెక్కడ ఎట్టుకోవాలండి?"

"ఏటికి అవతల వేరే తీరం ఉంది కదా. అక్కడ సముద్రాభిముఖ నివాసాలు లేవు. అక్కడ ఏమైనా పెట్టుకోవచ్చు."

పడవ ఏరు దాటించాను. ఏటి అవతలికి పోవాలంటే పెద్ద రోడ్డెక్కి వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. రెండు గంటల వీక్షణం అయ్యాక ఆటో ఎక్కేవాణ్ణి. మొదటి రోజు ఆటోవాడు మా గుమ్మంలోనే ఆపి అడిగాడు.

"ఎక్కడికెల్లాలి తాతా?"

"సముద్రం కాడికి."

వాడు మా ఇల్లు చూశాడు. ఇంట్లోంచి సముద్రం కనబడుతోంది. నన్ను చూశాడు.

"మరిదేటి?"

"ఇది సూడ్డానికి."

వాడు రెట్టింపు కిరాయి అడిగాడు. బుర్ర సరిలేని వాళ్ళని ఎక్కించుకోవడానికి అదే రేటట.

ఇక్కడితో ఆగినా నెగ్గుకొచ్చేవాళ్ళమే. కానీ పరాంకుశం గారు అన్యాయం సహించే మనిషి కాదు. మా వెనక వరసలో ఎర్రయ్య ఇల్లు. నా ఇల్లు అడ్డంగా ఉండటం వల్ల ఎర్రయ్యకి సముద్రం కనబడదు. ఈ సంగతి ఎర్రయ్యకి అంతవరకూ తెలియదు. పరాంకుశం గారు వెళ్ళి తెలియజెప్పారు. ఎర్రయ్య భుజం మీద తువ్వాలు వేసుకుని కోపంగా వచ్చాడు.

"బావా! నా సముద్రాన్ని నువ్వడ్డేసినావట?"

"ఎవలు సెప్పినార్రా?"

"ఆపీసరుగారు. నాను దృశ్య వంచితుణ్ణట." ఆ మాట రాత్రంతా బట్టీ పట్టినట్టున్నాడు. "నాకు తెలీకుండా ఇన్నేళ్ళూ వంచించినావు."

"ఓరి నీ మొకమండా," అంది కాసులమ్మ. ఆమె వాడికి అప్ప. "తెల్లారి నేత్తే ఆ సముద్రంలోనే గదరా నువ్వు కూకుంటావు?"

"అది పని అప్పా. ఇది హక్కు."

హక్కుకి దారి పరాంకుశం గారే చూపించారు. ఊరి వైపున్న నా గోడకి ఒక పెద్ద కన్నం, దానికి ఎదురుగా ఎర్రయ్య వీపు గోడకి ఇంకో కన్నం. నా అద్దంలోంచి నా ఇంట్లోంచి ఎర్రయ్య ఇంట్లోకి సముద్రం సాఫీగా వెళుతుంది. దీనికి దృశ్య మార్గం అని పేరు. దానికి అడ్డంగా తెర కట్టకూడదు, బట్టలు ఆరేయకూడదు, మనిషి నిలబడకూడదు. కాసులమ్మ స్నానాల గది ఆ మార్గంలోనే ఉంది. చీర ఒంటికి చుట్టుకుని, మోకాళ్ళ మీద కూచుని, నెత్తి కనబడకుండా నీళ్ళు పోసుకునేది. అక్కణ్ణించే పరాంకుశం గారి వంశాన్ని పేరుపేరునా తలుచుకునేది.

ఎర్రయ్య మర్నాడే పేము కుర్చీలో కూచున్నాడు. వేటకి పోలేదు. నా వెనక నుంచి కేకేశాడు.

"బావా! నీ బుర్ర కాసంత పక్కకి తియ్యి. నాకు సముద్రం బదులు నీ బట్టతల కనబడతంది."

"నా ఇంట్లో నా బుర్ర ఎక్కడెట్టుకోవాల్రా?"

"ఎక్కడైనా ఎట్టుకో. నా దృశ్యంలో ఎట్టకు."

ఎర్రయ్యకి సముద్రం వచ్చిందంటే ఎర్రయ్య ఇల్లూ సముద్రాభిముఖమే. వాడికీ అద్దం, రంగు, కుర్చీ, రెండు బిందెల నీళ్ళు. వాడి వెనక ఉన్న ఇంటివాడు దృశ్య వంచితుడయ్యాడు. వాడి కోసం ఎర్రయ్య గుమ్మం వైపు గోడకీ కన్నం పడింది. వాడి వెనకవాడికి ఇంకోటి. అలా నెల తిరిగేసరికి మా ఊరి వరసలన్నిటికీ సూది గుచ్చినట్టు ఒకటే కన్నం, సముద్రం నుంచి పెద్ద రోడ్డు దాకా. పొద్దున్నే ఊరంతా ఒకడి వెనక ఒకడు కుర్చీల్లో కూచునేవాళ్ళం. బస్సులో కూచున్నట్టు ఉండేది. కదిలేది కాదు.

వెనకవాడు బీడీ కాలిస్తే ముందువాడు దగ్గేవాడు. నాలుగో వరసలో మొగుడూ పెళ్ళాం తిట్టుకుంటే మొదటి వరసలో మేం తీర్పు చెప్పేవాళ్ళం. గాలి మాత్రం అందరికీ సమానంగా అందింది. ఊళ్ళో ఆడుతున్న టీవీ ఒక్కటీ మిగల్లేదు.

ఆ కన్నం పెద్ద రోడ్డు దాకా వెళ్ళాక, దాని అవతల ఏముంది? సంస్థ ఆఫీసు ఉంది.

ఆ రోజు పరాంకుశం గారు మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చారు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"దానయ్య గారూ! చైర్మన్ గారి గదిలోంచి సముద్రం కనబడింది! ఇంత." బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టారు. "రూపాయి బిళ్ళంత. కానీ అసలు సముద్రం. నీలంగా. చైర్మన్ గారి కళ్ళు చెమర్చాయి. మా కార్యాలయాన్ని సముద్రాభిముఖ కార్యాలయంగా ప్రకటించారు."

"మంచిదండి."

"ఇకపై మేమూ మీవాళ్ళమే."

వాళ్ళు మావాళ్ళయ్యాక మొదట తెలిసింది నీళ్ళ దగ్గర. ఆఫీసుకి మేడంత అద్దం పెట్టారు. మేడంత అద్దం తాగే నీళ్ళు బిందెలతో రావు కదా. ట్యాంకరు నేరుగా అక్కడికే వెళ్ళేది. మిగిలితే మాకు. మిగిలేది కాదు. తాగడానికి కాసులమ్మ ఎర్రయ్య పెళ్ళాం పెంటమ్మతో కలిసి ఏటి అవతలి బావి దాకా నడిచి తెచ్చేది. అద్దానికి తేలేకపోయింది. వారంలో మా అద్దం మీద ఉప్పు పొర కట్టింది. ఎర్రయ్య కుర్చీలోంచి చూస్తే సముద్రం మజ్జిగలా కనబడిందట.

చివరి తనిఖీ అలాంటప్పుడు పడింది.

పరాంకుశం గారు అద్దం మీద వేలితో గీశారు. వేలు తెల్లబడింది. ఆయన మొహంలో నిజంగానే బాధ ఉంది. చెడ్డ మనిషి కాదు.

"దృశ్యం మసకబారింది దానయ్య గారూ."

"నీల్లు రాలేదండి."

"తనిఖీ కాగితంలో కారణాలకు గడి లేదు."

"నీల్లు మీ అద్దమే తాగేత్తంది గద బాబూ!" అంది కాసులమ్మ.

"మా అద్దం నిర్వహణ మా బాధ్యత తల్లీ. మీ అద్దం నిర్వహణ మీ బాధ్యత. సోమవారం లారీ పంపిస్తాం. తాళం చెవి ఆఫీసులో అప్పగించండి."

ఆయన వెళ్ళాక కాసులమ్మ ఏడవలేదు. సామాను సర్దడానికి కూచుంది. సర్దడానికి ఉప్పు తినగా మిగిలిన గిన్నెలు నాలుగు, బట్టల మూట, నా వలలు. అవి సర్దేసి లేచి, పగలగొట్టగా మిగిలిన గోడ రాళ్ళ మీద చెయ్యేసింది. ఒక రాయి దగ్గర ఆగింది.

"ఇది నాకు గేపకం ఉంది మావా. ఇది మోసినప్పుడే నా మెడ పట్టేసింది. నువ్వు ఆవదం రాసినావు."

నేను వలల మూట ముడి విప్పి మళ్ళీ బిగించాను.

"మూడో అంతస్తులో వల ఎక్కడారేత్తావు?" అంది.

"ఆరేసే పనుండదు."

అప్పుడు ఏడిచింది. అటువైపు కన్నంలోంచి పెంటమ్మ కూడా ఏడిచింది. దృశ్య మార్గం ఎంత మంచిదంటే, కాసేపట్లో నాలుగో వరసలో కూడా ఎవరో ముక్కు చీదారు.

సోమవారం పొద్దున్న లారీ రాలేదు. మధ్యాహ్నం దాకా మూట మీద కూచున్నాం. మాట ఇచ్చాక తాళం చెవి దాచుకోవడం మర్యాద కాదు కాబట్టి, ఇద్దరం నడుచుకుంటూ ఆఫీసుకెళ్ళాం.

లారీ అక్కడుంది. దాంట్లోకి బల్లలు ఎక్కిస్తున్నారు.

లోపలికెళితే చైర్మన్ గారి గది తలుపు తీసే ఉంది. ఆయన మాకు వీపు పెట్టి కూచున్నారు. నిబంధన ప్రకారం ఎవరూ సముద్రానికి వీపు పెట్టకూడదు కాబట్టి ఆఫీసులో కుర్చీలన్నీ కన్నం వైపు తిప్పారు. ఎవరైనా పని మీద వస్తే ఆయన వీపుకే చెప్పుకోవాలి. ఏసీ మీద నుంచి ఎర్రటి నీళ్ళు కారి గోడ మీద చారలు కట్టాయి. బీరువా తలుపు బీరువా పక్కన నిలబెట్టి ఉంది. కాగితాల కట్టలు పూరీల్లా ఉబ్బాయి. కంప్యూటర్ల మీద తువ్వాళ్ళు కప్పారు, పోయినవాళ్ళకి కప్పినట్టు. చైర్మన్ గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు.

"ఎవరు?" అన్నారు తిరక్కుండానే.

"దానయ్యండి. అనర్హుణ్ణి. తాళం సెవి తెచ్చినాను."

పరాంకుశం గారు పక్క గదిలోంచి వచ్చారు. ఆయన చేతిలో టేపు ఉంది.

"కాస్త ఆగండి దానయ్య గారూ. నిబంధన అందరికీ ఒకటే. మీ ఇంటి తర్వాత నేను మా కార్యాలయాన్ని తనిఖీ చేశాను. ఇనప వస్తువులు తుప్పు. అద్దం మసక. ట్యాంకరు రోజూ కడిగినా మసకే, ఎందుకంటే మీ ఇంటి అద్దమే మసకగా ఉంటే ఇక్కడికి వచ్చే దృశ్యమే మసకగా వస్తుంది. ఇద్దరు గుమాస్తాలు టీ తాగుతూ సముద్రానికి వీపు పెట్టి దొరికారు. రెండు గంటల వీక్షణంలో ఒక్కరి ముఖంలోనూ ఆహ్లాదం లేదు. కార్యాలయం అనర్హం."

"నన్నే అనర్హుడన్నాడు," అన్నారు చైర్మన్ గారు కన్నంతో. గొంతులో కోపం లేదు, జలుబు ఉంది. "నేను ఒక్క మాట కూడా అనలేదు. నిబంధన పెట్టినవాణ్ణి నేనే మాట తప్పితే ఎలా? అన్నట్టు పరాంకుశం, ఆ అలల నిలయం వైపు గాలి పొడిగానే ఉంటుంది కదా?"

"చాలా పొడి అండీ."

"మూడో అంతస్తు కదా?"

"లిఫ్టు ఈ ఉదయం మంజూరైందండీ."

కాసులమ్మ నా చొక్కా లాగింది. "ఏటంటన్నారు మావా?"

"ఈల్లే ఎల్పోతన్నారట."

"మన ఫ్లాటుకా?"

"అన్ని ఫ్లాట్లకీ," అన్నారు పరాంకుశం గారు. "కార్యాలయం అంటే విభాగాలుంటాయి. పరిపాలన ఒక అంతస్తు. దృశ్యం ఒక అంతస్తు. ఆహ్లాదానికి ప్రత్యేకంగా రెండు గదులు. మీకు ఇవ్వడానికి స్థలం మిగలదు. కాబట్టి మీ తరలింపు వాయిదా పడింది. స్థలం ఖాళీ అయ్యేవరకు మీరు తాత్కాలిక నివాసులుగా ఆ ఇంట్లోనే ఉండాలి."

"ఎన్నాల్లండి?"

ఆయన ఆలోచించారు. ఎంత ఆలోచించినా ఆయనకి అబద్ధం రాదు.

"కార్యాలయం ఖాళీ చేసేవరకు. కార్యాలయం శాశ్వతం. మీరు తాత్కాలికం."

"తనికీలు?"

"తాత్కాలిక నివాసులకు తనిఖీ లేదు. ప్రమాణాలు యజమానులకే. మీరు ఇప్పుడు యజమానులు కారు, కార్యాలయం తరఫున ఇంట్లో ఉంటున్నారు. అద్దె నిర్ణయించే విభాగం ఇంకా ఏర్పడలేదు."

తాళం చెవి జేబులో వేసుకున్నాను. లారీ బయలుదేరుతుంటే పరాంకుశం గారు ముందు సీట్లోంచి చెయ్యూపారు. నేనూ ఊపాను. వాళ్ళని అంత మర్యాదగా సాగనంపినందుకు కాసులమ్మ నన్ను తిట్టింది.

మర్నాడు ఏటి అవతల నుంచి పడవ తెచ్చి ఇంటి ముందు బోర్లా వేశాను. ఆ మర్నాడు అద్దం పీకి ఎర్రయ్యకి ఇచ్చాను. వాడు దాన్ని కోళ్ళ గూటి మీద వేసుకున్నాడు. రాళ్ళు పేర్చి, సిమెంటు కలిపి, సముద్రం వైపు గోడ మూసేశాను. తాపీ చివరి దెబ్బ పడగానే ఇంట్లో గాలి ఆగింది. కాసులమ్మ పొయ్యి వెలిగించింది. మంట నిటారుగా నిలబడింది. ఇద్దరం కాసేపు దాన్నే చూశాం. రెండు గంటలు కాకపోయినా, ఆహ్లాదంగానే చూశాం.

సిమెంటు ఇంకా మిగిలింది. ఊరి వైపు కన్నం దగ్గరికి రాయి తెచ్చాను.

"అదుండనీ మావా," అంది.

"ఎందుకు?"

"సముద్రమేటి మాటాడతాది? పెంటమ్మైతే మాటాడతాది. ఇన్నాల్లూ గుమ్మం దాటి ఎల్లి మాటాడేదాన్ని. ఇప్పుడు కూర తిప్పుతా మాటాడతాను."

నేను రాయి దింపాను. ఊళ్ళో ఎవరూ మూయలేదట. ఆడవాళ్ళు మూయనివ్వలేదట.

ఆ రోజు వేటలో మంచి పీతలు పడ్డాయి. కాసులమ్మ కడిగి పొయ్యెక్కించింది. కన్నంలో పెంటమ్మ మొహం కనబడింది.

"ఏటొండతన్నావొదినా?"

"పీతలు."

పెంటమ్మ తన వెనక కన్నంలోకి తిరిగి చెప్పింది. అక్కణ్ణించి ఇంకో గొంతు, దాని వెనక ఇంకో గొంతు. కూర ఉడుకు పట్టకముందే కబురు పెద్ద రోడ్డు దాటింది. పొయ్యి దింపేసరికి మా గుమ్మంలో గిన్నెలు పట్టుకుని జనం వరసగా నిలబడ్డారు. చివర్లో ఉన్నవాడు నన్ను ఎక్కించుకెళ్ళిన ఆటోవాడు. వాడికి మా ఊళ్ళో ఎవరూ చుట్టాలు కారు.

కాసులమ్మ అందరికీ పెట్టింది. నాకు పులుసు మిగిలింది.

ఇంత నిర్వహణ గురించి చెప్పిన పరాంకుశం గారు ఈ ఖర్చు సంగతి మాత్రం చెప్పలేదు.